పాత రేసు కారుకు పత్రాలెక్కడ?



1966 జనవరి. మాంటే కార్లో ర్యాలీలో మొదటి మూడు స్థానాలూ మినీ కూపర్లవే. నడిపినవాళ్లు టిమో మాకినెన్, రౌనో ఆల్టోనెన్, ప్యాడీ హాప్‌కిర్క్. నాలుగో స్థానంలో ఫోర్డ్ లోటస్ కార్టీనాతో రోజర్ క్లార్క్. ఆల్ప్స్ కొండదారుల్లో, మంచులో, రాత్రనక పగలనక నడిపి సాధించుకున్న ఫలితం. ర్యాలీ అయ్యాక తనిఖీ అధికారులు కార్లను విప్పి చూడటం మొదలుపెట్టారు. చివరికి వాళ్ల చూపు హెడ్‌లైట్ల మీద ఆగింది. ఆ కార్ల హెడ్‌లైట్లలో ఒకే ఫిలమెంటున్న అయొడిన్ బల్బులు బిగించి ఉన్నాయి. ఎదురుగా బండి వచ్చినప్పుడు వెలుగు దించాలంటే ఆ బల్బుతో కుదరదు, ఫాగ్ లైట్ల మీద ఆధారపడాలి. నిబంధన ప్రకారం ఇది చెల్లదన్నారు. నలుగురినీ తీసేశారు. సిట్రోయెన్ నడిపిన ఫిన్లాండ్ డ్రైవర్ పౌలి టోయివోనెన్‌ను విజేతగా ప్రకటించారు. ఫ్రెంచి కారును గెలిపించడానికే ఇదంతా చేశారని ఇంగ్లండు పత్రికలు గోల గోల చేశాయి. మరుసటి ఏడాది మళ్లీ మినీతోనే వచ్చి ఆల్టోనెన్ గెలిచి చూపించాడు.

ఆ తీర్పు న్యాయమా అన్యాయమా అన్న వాదన అరవై ఏళ్లుగా నడుస్తూనే ఉంది. నాకు అంతకంటే ఆసక్తికరమైన ప్రశ్న వేరే ఉంది. ఇవాళ ఎవరి దగ్గరైనా 1966 నాటి మినీ కూపర్ ఉందనుకోండి. దాన్ని పాతకార్ల ర్యాలీకి తీసుకెళ్లాలనుకున్నారు. ఏ బల్బు పెట్టాలి? ఏ కార్బురేటర్ పెట్టాలి? గేర్‌బాక్సులో పళ్ల లెక్క ఎంత ఉండాలి? ఎవరిని అడగాలి, ఏ కాగితం తిరగేయాలి? ఈ ప్రసంగం దాని గురించే.

మోటారు పందేలకు అంతర్జాతీయంగా పెద్దదిక్కు ఎఫ్‌ఐఏ. 1904లో పారిస్‌లో వేరే పేరుతో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇప్పటి పేరు పెట్టుకుంది. దాని క్రీడా నియమావళికి అనుబంధాలు చాలా ఉన్నాయి. వాటిలో మనకు కావలసింది అపెండిక్స్ జె. 1954లో మొదలైన ఈ అనుబంధం కార్లను వర్గాలుగా విడదీస్తుంది. మామూలు జనానికి అమ్మే కార్లు ఒక వర్గం, స్పోర్ట్స్ కార్లు ఒక వర్గం, ప్రయోగాత్మకంగా ఒకటీ రెండూ చేసినవి ఇంకో వర్గం. మొదటి రెండు రకాల్లో దేనిలోకి రావాలన్నా, మీరు ఫలానా మోడల్ ఇన్ని కార్లు తయారుచేసి ఉండాలి అంటుంది. 1966 లెక్క చూడండి. గ్రూప్ 1కి పన్నెండు నెలల్లో 5,000 కార్లు, గ్రూప్ 2కి 1,000, గ్రూప్ 3 గ్రాండ్ టూరింగ్ కార్లకు 500, గ్రూప్ 4 స్పోర్ట్స్ కార్లకు 50. అన్ని కార్లు చేశామని కంపెనీ చెప్పాలి, ఆ దేశపు మోటారు క్లబ్బు ధ్రువీకరించాలి, పారిస్ ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలే హోమోలోగేషన్.

ఒప్పుకున్నాక ఒక పత్రం తయారవుతుంది. మొదటి పేజీలో కారు ఫొటో, నంబరు, గ్రూపు, ఏ తేదీ నుంచి చెల్లుతుందో ఆ తేదీ. లోపల చక్రాల మధ్య దూరం, బరువు, సిలిండర్ వ్యాసం, పిస్టన్ స్ట్రోకు, వాల్వు ఎంత ఎత్తు లేస్తుంది, కార్బురేటర్ నంబరు, గేర్ల నిష్పత్తులు, బ్రేకు డ్రమ్ము కొలత. ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ పక్కపక్కన ముద్రించిన గళ్లలో టైపు మిషనుతో కొట్టిన అంకెలు. ఇంతకంటే పొడిగా ఉండే సాహిత్యం ఉండదు. కానీ పాత రేసు కార్ల గురించి రాసిన రంగుల బొమ్మల పుస్తకాలన్నింటికంటే నేను ఈ పొడి కాగితాలనే ఎక్కువ నమ్ముతాను. ఎంతవరకు నమ్మాలో కూడా చెబుతాను.

కారు రేసుల్లోకి వచ్చాక కంపెనీ ఊరుకోదు. కొత్త గేర్‌బాక్సు, వెడల్పు చక్రాలు, పెద్ద పెట్రోలు ట్యాంకు, ఇలా ఒక్కొక్కటే అదనంగా హోమోలోగేట్ చేయిస్తుంది. ప్రతిదానికీ ఒక అనుబంధ పేజీ, ఆ పేజీకి దాని సొంత తేదీ. మోడల్‌లోనే మార్పు వస్తే ఒకరకం గుర్తు, ఐచ్ఛిక భాగమైతే ఇంకోరకం గుర్తు, అచ్చుతప్పు దిద్దుబాటైతే మరోరకం. పేరున్న కార్లకు అసలు పత్రం పది పదిహేను పేజీలుంటే అనుబంధాలు దానికి రెండింతలు ఉంటాయి. పొలం కొనేవాడు చేతిలోని దస్తావేజు ఒక్కటే చూసి సంతకం పెట్టడు కదా, వెనకటి లింకు డాక్యుమెంట్లన్నీ వరసగా తెప్పించుకుంటాడు. ఇక్కడా అంతే. మొదటి పత్రం ఒక్కటే దొరికిందని మురిసిపోయినవాడికి సగం కారే దొరికినట్టు.

దీనికి ఇంకో మెలిక ఉంది. పత్రంలో ఉన్నది కారు వివరమే. ఆ కారును ఎంతవరకు మార్చుకోవచ్చో అందులో ఉండదు. అది ఆ సంవత్సరపు అపెండిక్స్ జెలో ఉంటుంది. గ్రూప్ 1లో దాదాపు ఏమీ ముట్టుకోకూడదు. గ్రూప్ 2లో ఇంజన్ లోపల చాలా మార్పులకు వెసులుబాటు ఉంటుంది. ఒకే కారు రెండు గ్రూపుల్లోనూ ఉండొచ్చు. పైగా నియమావళి ఏటేటా మారుతుంది. 1965లో చెల్లింది 1966లో చెల్లదు. మినీల కొంప మునిగింది సరిగ్గా అక్కడే. కాబట్టి పత్రం ఒక చేత్తో, ఆ ఏటి అపెండిక్స్ జె ఇంకో చేత్తో పట్టుకుని చదవాలి. ఏ ఒక్కటి లేకపోయినా రెండోది మూగదే. ఎవరైనా ఫలానా భాగం హోమోలోగేట్ అయిందండీ అంటే, నేను అడిగే మొదటి మాట: ఏ గ్రూపులో, ఏ తేదీ నుంచి?

ఇక అంకెల సంగతి. పత్రం మీద కంపెనీ ఇన్ని కార్లు చేశామని సంతకం పెట్టింది. నిజంగా చేసిందా? ఇక్కడే కథ రసపట్టులో పడుతుంది.

ఫెరారీ 250 జీటీఓ 1962 నుంచి 1964 దాకా తయారైంది. మూడు లీటర్ల ఇంజనుతో చేసినవి మొత్తం 36. అప్పటి గ్రాండ్ టూరింగ్ వర్గానికి కావలసింది 100. మరి ఎలా ఒప్పుకున్నారు? ఇది కొత్త కారు కాదు, అంతకుముందు నుంచి ఉన్న 250 జీటీకే మెరుగుపరిచిన రూపం అని ఫెరారీ చెప్పుకుంది. బాడీ మార్చుకోవడానికి నిబంధనల్లో సందు ఉంది. ఆ సందులోంచే అమెరికా నుంచి క్యారల్ షెల్బీ కూడా దూరాడు. అతని పైకప్పు లేని కోబ్రా కారు అప్పటికే హోమోలోగేట్ అయి ఉంది. దాని ఛాసిస్ మీద పీట్ బ్రాక్ గీసిన కొత్త కూపే బాడీ ఎక్కించి ఆరంటే ఆరు డేటోనా కూపేలు చేయించాడు. 1965లో గ్రాండ్ టూరింగ్ టైటిల్ ఫెరారీ చేతిలోంచి లాక్కున్నాడు. నిబంధన రాసేవాడు ఒకడుంటే దాన్ని చదివేవాళ్లు వందమంది ఉంటారు.

అయితే ప్రతిసారీ పప్పులుడకవు. ఇంజన్ వెనక పెట్టిన 250 ఎల్‌ఎంను కూడా ఫెరారీ అదే దారిలో గ్రాండ్ టూరింగ్‌గా ఒప్పించాలని చూసింది. ఇది ఏ విధంగా చూసినా కొత్త కారే, వంద కార్లు చేసినట్టూ లేదు అని 1964లో కాదన్నారు. మొత్తం చేసింది ముప్పై చిల్లర. ఇటలీ మోటారు క్లబ్బు తన తరఫున గట్టిగా నిలబడలేదని ఎన్జో ఫెరారీకి కోపం వచ్చింది. ఇటలీ పోటీ లైసెన్సు వదిలేశాడు. ఆ ఏడాది చివరి రెండు గ్రాండ్‌ప్రీల్లో, అమెరికాలోనూ మెక్సికోలోనూ, ఫెరారీ ఫార్ములా వన్ కార్లు ఎరుపు మానేసి నీలం తెలుపు రంగుల్లో, అమెరికా జట్టు పేరు మీద పరుగెత్తాయి. జాన్ సర్టీస్ ప్రపంచ ఛాంపియన్ అయింది ఆ నీలం కారులోనే. ఒక స్పోర్ట్స్ కారు హోమోలోగేషన్ కాగితం తిరస్కరిస్తే ఫార్ములా వన్ కారు రంగు మారింది. మెక్సికో ఫొటో చూసి ఇదేం ఫెరారీ అని తికమకపడేవాళ్లకు జవాబు ఈ ఫైలులో ఉంది.

పోర్షె 917 సంగతి ఇంకా వివరంగా చెప్పాలి. అయిదు లీటర్ల వరకు ఇంజనున్న స్పోర్ట్స్ కార్లకు కావలసిన సంఖ్యను 50 నుంచి 25కి తగ్గిస్తున్నట్టు 1968లో ప్రకటించారు. పాత కార్లున్న చిన్న జట్లు నిలదొక్కుకోవాలన్నది ఉద్దేశం. ఎవరూ కొత్తగా పాతిక రేసు కార్లు తయారుచేసే సాహసం చేయరనుకున్నారు. పోర్షెలో ఫెర్డినాండ్ పీయెఖ్ సరిగ్గా ఆ సాహసమే చేశాడు. హాన్స్ మెట్స్‌గర్ రూపొందించిన పన్నెండు సిలిండర్ల నాలుగున్నర లీటర్ల ఇంజనుతో కారును 1969 మార్చిలో జెనీవా ప్రదర్శనలో పెట్టారు. తనిఖీకి వచ్చిన అధికారులకు మొదట పూర్తయిన కార్లు కొన్నే కనిపించాయి. మిగతావి విడిభాగాల రూపంలో ఉన్నాయి. భాగాలన్నీ ఉన్నాయి, బిగించడమే తరువాయి అని కంపెనీ చెప్పింది. బిగించాక చూస్తామన్నారు అధికారులు. అంతే, వర్క్‌షాపు మెకానిక్కులతో పాటు ఆఫీసు గుమాస్తాలు, సెక్రటరీలు సహా చేతికి దొరికినవాళ్లందరినీ పనిలోకి దింపారు. ఏప్రిల్ 21న జుఫెన్‌హౌజెన్ ఫ్యాక్టరీ ఆవరణలో 25 తెల్ల కార్లు ఒకే వరసలో నిలబెట్టారు. కావాలంటే ఇందులో ఏదైనా నడిపి చూసుకోండి అని పీయెఖ్ అన్నాడని, వచ్చినవాళ్లు వద్దన్నారని చెబుతారు. నడపకపోవడమే మంచిదయింది. వాటిలో చాలా కార్లు లెక్క కోసం బిగించినవి. తర్వాత వాటిని విప్పి, రేసుకు తగినట్టు మళ్లీ కట్టారు. మే నెల మొదటి తేదీ నుంచి హోమోలోగేషన్ వచ్చింది.

ఈ కథలో పరిశోధకుడికి పనికొచ్చే విషయం ఫొటోలోని పాతిక కార్లు కాదు. ఆ వేసవిలోనే, కదిలే రెక్కలను నిషేధించారు. పోర్షె 917 తోక మీద సస్పెన్షన్‌కు తగిలించిన కదిలే ఫ్లాపులు ఉన్నాయి. మా కారు ఆ ఫ్లాపులతోనే హోమోలోగేట్ అయింది కదా అని పోర్షె వాదించింది. లె మాన్ రేసులో వాటిని ఉంచుకోగలిగింది. పత్రంలో ఉన్న వివరానికి అంత బలం. మరుసటి ఏడాది నుంచి కారు తోకే మారిపోయింది. పొట్టి తోకతో 1970లో లె మాన్ గెలిచిన 917, అంతకు ముందటేడు వరసలో నిలబడిన 917 పైకి ఒకలా ఉండవు. 917 పత్రం ఇదిగో అని ఎవరైనా ఇస్తే, తేదీ చూడకుండా తీసుకోకండి.

ల్యాన్చియా 037 గురించి ఒక పిట్టకథ ఉంది. అది చేరాలనుకున్న గ్రూప్ బి అనే వర్గానికి 200 కార్లు చూపించాలి. తనిఖీ అధికారులకు ఒక ఆవరణలో సగం కార్లు చూపించి, భోజనానికి తీసుకెళ్లి, వాళ్లు తినే లోపల అవే కార్లను ఇంకో ఆవరణకు చేర్చి మిగతా సగంగా చూపించారట. ఎంతమంది చెప్పినా ఇది కథే. నేను దీన్ని చెప్పుకుని నవ్వుకుంటాను గానీ రుజువుగా ఎక్కడా వాడను. రుజువున్నది వేరే చోట ఉంది. జాగ్వార్ కంపెనీ 1963లో తేలిక రకం ఈ-టైపు కోసం 18 ఛాసిస్ నంబర్లు కేటాయించుకుని 12 కార్లే కట్టింది. మిగిలిన ఆరు నంబర్లు అలాగే రిజిస్టరులో పడి ఉన్నాయి. యాభై ఏళ్ల తర్వాత, 2014లో మొదలుపెట్టి, అదే కంపెనీ ఆ ఆరింటినీ కొత్తగా తయారుచేసి అమ్ముకుంది. నంబరు ఉన్నంత మాత్రాన కారు ఉన్నట్టు కాదు. హోమోలోగేషన్ పత్రం ఏది అనుమతించారో చెబుతుంది. ఎన్ని తయారయ్యాయో, మీ ముందున్న ఇనుప ముక్క అందులో ఏదో చెప్పదు. దానికి ఫ్యాక్టరీ రిజిస్టరు కావాలి. రెండు ప్రశ్నలనూ కలిపేసుకున్నవాళ్లు కోట్లు పోగొట్టుకున్నారు. 2023లో న్యూయార్క్ వేలంలో ఒక ఫెరారీ జీటీఓ 5 కోట్ల 17 లక్షల డాలర్లకు పోయింది. అంత డబ్బు తిరిగే చోట మసిపూసి మారేడుకాయ చేసేవాళ్లు ఉండరా?

సరే, దొరికేదెక్కడ? నియమాలూ హోమోలోగేషన్ పత్రాలూ అయితే మొదటి చోటు ఎఫ్‌ఐఏనే. పాత పత్రాలను, ఏటేటి అపెండిక్స్ జెను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో చారిత్రక కార్ల విభాగంలో పెట్టింది. చదువుకోవడానికి అది చాలు. అక్కడ దొరక్కపోతే ఆ కారు పుట్టిన దేశపు క్లబ్బును అడగాలి. మినీకి బ్రిటన్, ఫెరారీకి ఇటలీ. ప్రతి పత్రమూ ముందు ఆ దేశపు క్లబ్బు చేతుల మీదుగానే వెళ్లింది కాబట్టి నకలు అక్కడ మిగిలి ఉండే అవకాశం ఉంది. తయారీ రికార్డులకు ఫ్యాక్టరీలు. పోర్షెకు, ఫెరారీకి సొంత ఆర్కైవులున్నాయి. బ్రిటిష్ కార్ల రిజిస్టర్లు చాలావరకు ఇంగ్లండులో గేడన్ అనే ఊరి మోటారు మ్యూజియంలో ఉన్నాయి. ఛాసిస్ నంబరు ఇచ్చి, రుసుము కడితే, ఏ రోజు తయారైంది, ఏ రంగు, ఏ డీలరుకు వెళ్లింది అని ధ్రువపత్రం ఇస్తారు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి కారైతే హోమోలోగేషన్ పత్రాలేవీ ఉండవు. అప్పుడు ఆనాటి క్యాటలాగులు, రేసు కార్యక్రమ పుస్తకాలు, మోటార్ స్పోర్ట్, ఆటోకార్ లాంటి పత్రికల పాత సంచికలు, అన్నింటికీ మించి తేదీ ఉన్న ఫొటోలు ఆధారం.

ఇవాళ పాతకార్ల పోటీలకు నియమావళి వేరు. దాని పేరు అపెండిక్స్ కె. అది కాలాన్ని అక్షరాలతో విభజిస్తుంది. 1962 నుంచి 1965 వరకు ఎఫ్, 1966 నుంచి 1971 వరకు జి, ఇలాగ. ఏ కాలానికి చెందిన కారు ఆ కాలంలో ఉన్నట్టు రుజువైన రూపంలోనే రావాలి. 1967లో హోమోలోగేట్ అయిన భాగాన్ని 1965 కారుకు బిగిస్తే కుదరదు. ఆ కాలపు దుకాణంలో దొరికింది కదా అంటే కూడా ఒప్పుకోరు. రుజువులన్నీ జతచేసి దరఖాస్తు చేస్తే చారిత్రక సాంకేతిక పాస్‌పోర్టు ఇస్తారు. ఆ పాస్‌పోర్టును చూపించి ఇది ఫలానావారు నడిపిన అసలు కారు అని అమ్మడానికి వచ్చేవాళ్లుంటారు. నమ్మకండి. అది కారు రూపానికి ఇచ్చిన గుర్తింపే గానీ పుట్టుపూర్వోత్తరాలకు హామీ కాదని ఎఫ్‌ఐఏ నియమావళిలోనే ఉంది. అచ్చుగుద్దినట్టున్న నకలు కారుకూ ఆ పాస్‌పోర్టు రావచ్చు.

మన దేశం మాటకొస్తే, అంబాసిడర్‌కు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్, పద్మినికి ఫియట్ 1100, స్టాండర్డ్ హెరాల్డ్‌కు ట్రయంఫ్ హెరాల్డ్. అందుకే మన పాత కారు సాంకేతిక వివరాలకు వేట మొదలుపెట్టాల్సింది తరచు ఇంగ్లండులో, ఇటలీలో. కానీ ఆ కార్లు ఇక్కడ ఎలా పరుగెత్తాయో చెప్పేది అక్కడి రిజిస్టర్లు కావు. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే దారిలో షోలవరం ఉంది. యుద్ధకాలపు రన్‌వే మీద అక్కడ దశాబ్దాల పాటు మోటారు రేసులు జరిగాయి. ఏ కారుకు ఏ కార్బురేటర్ ఉండేది, బంపరు తీసేశారా ఉంచారా, నంబరు ఎక్కడ రాశారు అన్నవి ఇవాళ తేల్చేది ఆనాటి ప్రేక్షకుల ఇళ్లలో మిగిలిన ఫొటోలూ, టికెట్టుతో పాటు అమ్మిన కార్యక్రమ పుస్తకాలే.

అందుకని శ్రోతలకు నాదొక విన్నపం. మీ ఇంట్లోనో, మీ పెద్దవాళ్ల ట్రంకు పెట్టెలోనో షోలవరం రేసుల ఫొటోలు, పాత కారు బిల్లు, వర్క్‌షాపు పుస్తకం, క్లబ్బు కరపత్రం లాంటివి ఉంటే పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి. ఫొటో వెనక తేదీ, ఊరు, కారు నంబరు, తెలిసినంతవరకు పెన్సిలుతో రాసిపెట్టండి. పెన్నుతో వద్దు, ఇంకు అవతలి వైపుకు దిగుతుంది. గుర్తున్న పెద్దవాళ్లు ఉండగానే వాళ్లను కూర్చోబెట్టి అడిగి రాయండి. వీలైతే ఒక స్కాన్ కాపీ దగ్గరలోని మోటారు క్లబ్బుకు ఇవ్వండి.